తాత్కాలిక ఇంజినీరింగ్ మార్పు: రిక్వెస్టు రాయడం నుంచి మూసివేత దాకా

విశాఖ ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపేవారికైనా, దువ్వాడ, అచ్యుతాపురం వైపు పెద్ద యూనిట్లలో క్వాలిటీ చూసేవారికైనా ఈ పరిస్థితి కొత్త కాదు. కన్వేయర్ గ్యాంట్రీకి కావలసిన 40 సపోర్టు బ్రాకెట్లు శనివారానికి పంపాలి. డ్రాయింగులో 16 మి.మీ. ఈ250 బీఆర్ ప్లేటు అని ఉంది (ఈ250, ఈ350 అన్నవి ఐఎస్ 2062 అనే భారతీయ ప్రమాణంలోని ఉక్కు రకాలు, బీఆర్ వాటిలో ఉపరకం). స్టోర్సులో ఆ ప్లేటు నిండుకుంది, అదే మందంలో ఈ350 మాత్రం ఉంది. బుధవారం సాయంత్రం ఫోర్‌మన్ వచ్చి, "సార్, ఇది దానికన్నా గట్టిదే కదా, కోసేయమంటారా?" అని అడుగుతాడు. అక్కడికక్కడ మీరు సరే అన్నా, వద్దు అన్నా ఆ మాటకు వెనుక ఆధారమేమీ ఉండదు. ఆ ప్రశ్నను కాగితం మీదికి ఎక్కించి, విషయం తెలిసినవారికి చూపించి, ఎన్ని ముక్కలకు, ఎన్ని రోజులకు అన్నది తేల్చి, ఆ గడువు తీరగానే పనిని మళ్ళీ అసలు డ్రాయింగుకు తీసుకురావడం ఎలాగో ఈ వ్యాసంలో వరుసగా చెబుతాను.

రిక్వెస్టు, సమీక్ష, ఆమోదం అన్న మూడింటినీ చాలా యూనిట్లు ఎలాగోలా నెట్టుకొస్తాయి. నేను చూసినంతలో ఇబ్బంది వచ్చేది నాలుగోదైన మూసివేత దగ్గర. అందువల్ల కింది మెట్లన్నిటిలోనూ, అది ఎలా ముగుస్తుందన్న ప్రశ్న మొదటి నుంచీ కనిపిస్తుంది.

ముందుగా దానికి సరైన పేరు పెట్టండి

వర్క్‌షాపులో అన్నిటినీ 'డీవియేషన్' అనే పిలుస్తారు. మాటల్లో అలా పిలిచినా ఫర్వాలేదు గాని, ఫారం మీద మాత్రం తేడా పాటించాలి. ఐఎస్ఓ 9000 ప్రమాణం తయారీకి ముందు తీసుకునే అనుమతిని డీవియేషన్ పర్మిట్ అనీ, తయారైపోయిన తేడా సరుకును వాడుకోవడానికో పంపడానికో తీసుకునే అనుమతిని కన్సెషన్ అనీ వేరుచేసి చెబుతుంది. ఈ350 ప్లేటు ఇంకా కోయకపోతే మీకు కావలసింది మొదటిది. నిన్న రాత్రి పనిచేసే సి షిఫ్టు వాళ్ళు అప్పటికే 12 ముక్కలు కోసి వెల్డింగు కూడా చేసేసి ఉంటే, ఆ 12 ముక్కలకు కన్సెషన్, మిగిలిన 28కి డీవియేషన్ పర్మిట్ వేర్వేరుగా రాయాలి. కోసిన తరువాత ముందురోజు తేదీ వేసి డీవియేషన్ రాసే అలవాటు మన దగ్గర తక్కువేమీ లేదు. దయచేసి ఆ పని చేయకండి. ఆడిటర్ పట్టుకుంటాడన్న భయం అలా ఉంచి, పాత తేదీ వేయగానే సమీక్షించేవారికి ఆ ముక్కలను స్వయంగా చూసి పరీక్షించే అవకాశమే పోతుంది.

మూడో రకం ప్రాసెస్‌లో వచ్చే మార్పు. వస్తువు డ్రాయింగు మారదు గాని దాన్ని తయారుచేసే, తనిఖీ చేసే పద్ధతి కొన్నాళ్ళు మారుతుంది. లీక్ టెస్టు యంత్రం చెడిపోయి సబ్బు నీటితో పరీక్ష చేయడం, ఆటోమేటిక్ గేజ్ పాడై చేతి మైక్రోమీటరుతో కొలవడం లాంటివి ఇందులోకి వస్తాయి. వాహన విడిభాగాలు చేసేవారికి ఐఎటిఎఫ్ 16949 ప్రమాణంలో 8.5.6.1.1 క్లాజు కేవలం దీని కోసమే ఉంది.

వీటిలో ఏదైనా సరే, 'ఇది ఏ రోజున, లేదా ఎన్నో ముక్కతో ఆగిపోతుంది?' అన్న ప్రశ్నకు జవాబు దొరకకపోతే అది తాత్కాలికం కాదు. దాన్ని శాశ్వత మార్పు దారిలో పంపి, డ్రాయింగు రివిజన్ మార్పించండి.

పనిని ఆపి, సరుకును విడిగా పెట్టండి

రిక్వెస్టు నంబరు వచ్చేదాకా ఆ జాబ్ హోల్డులో ఉండాలి. ప్లేటుకు హోల్డ్ ట్యాగు కట్టించి, హీట్ నంబరు (ఆ ఉక్కు ఏ కరిగింపులో తయారైందో చెప్పే నంబరు) ఫొటో తీయించి, రూట్ కార్డు (జాబ్ వెంట తిరిగే పనుల పట్టిక) మీద 'హోల్డ్' ముద్ర వేయించండి. ఇందుకు పది నిమిషాలు చాలు. 'పర్మిషన్ ఎలాగూ వస్తుందిలే, కోతవరకైనా కానిద్దాం' అన్నారంటే సమీక్ష అప్పుడే ఒరిగిపోయినట్టు. కోసేసిన ప్లేటును కళ్ళారా చూశాక కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

రిక్వెస్టు రాయడం

మొత్తం ప్రక్రియలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. సాధారణంగా వచ్చే రిక్వెస్టు ఇలా ఉంటుంది: "ఈ250 ప్లేటు లభ్యం కానందున ఈ350 వాడుటకు అనుమతించగలరు. అర్జెంట్." దీన్ని చదివినవారికి ఏ జాబో, ఎన్ని ముక్కలో, ఎన్నాళ్ళో, బ్రాకెట్‌లో ఏ భాగానికో, ఎందుకు లభ్యం కాలేదో ఏమీ తెలియదు. సంతకం పెట్టేవారు మనిషిని నమ్మి పెట్టాలి తప్ప విషయాన్ని చూసి పెట్టలేరు. అంతకన్నా ప్రమాదమేమిటంటే, ఆ వాక్యానికి హద్దు లేదు. ఆరు నెలల తరువాత ఇంకో జాబ్‌లో ఈ350 వాడి, ఇదే కాగితాన్ని ఎవరైనా చూపించవచ్చు.

అదే విషయాన్ని ఇలా రాయవచ్చు: "ఈ వర్క్ ఆర్డరులోని 40 బ్రాకెట్లలో, ఈ డ్రాయింగు రివిజన్ 2 ప్రకారం 3వ ఐటెమ్ అయిన బేస్ ప్లేటుకు మాత్రమే, ఐఎస్ 2062 ఈ250 బీఆర్ 16 మి.మీ. బదులు, ఐఎస్ 2062 ఈ350 బీఆర్ 16 మి.మీ. ప్లేటును, ఒకే హీట్ నంబరుది, వాడేందుకు అనుమతి కోరుతున్నాము. కొనుగోలు చేసిన ఈ250 ప్లేటు ట్రాన్సిట్‌లో ఉంది, వచ్చే వారం చేరుతుంది. 40వ ముక్క పూర్తికాగానే, లేదా ఈ నెల చివరి తేదీకి, వీటిలో ఏది ముందైతే దానితో అనుమతి ముగుస్తుంది. మిగిలిన ఈ350 ముక్కలు స్టోర్సుకు తిరిగి చేరతాయి." ఇవీ నాలుగైదు వాక్యాలే, కాని సమీక్షించేవారికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. డ్రాయింగు నంబరు, హీట్ నంబరు మీవి మీరు నింపుకోండి.

ఇందులో నాలుగు సంగతులు గమనించండి. డ్రాయింగు నంబరుతోపాటు రివిజన్ కూడా రాశాము, ఎందుకంటే అనుమతి నడుస్తుండగానే డ్రాయింగు రివిజన్ 3కు మారితే ఆ అనుమతిని మళ్ళీ చూడాలి. అసలు ఉండవలసినదాన్నీ, ప్రతిపాదిస్తున్నదాన్నీ ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టాము. 'లభ్యం కాలేదు' అని ఊరుకోకుండా అసలు ప్లేటు ఇప్పుడు ఎక్కడుందో చెప్పాము. అన్నిటికన్నా ముఖ్యంగా, సంఖ్య, తేదీ రెండూ ఇచ్చి, 'ఏది ముందైతే అది' అని రాశాము. తేదీ ఒక్కటే ఇస్తే ఆ గడువులో 40 బదులు 90 ముక్కలు చేసుకోవచ్చు. సంఖ్య ఒక్కటే ఇస్తే ఆ 40 ముక్కలు ఏడాది పొడవునా సాగవచ్చు.

'అర్జెంట్' అన్న మాటను ఫారం నుంచి తీసేయమని నా సలహా. దానికి బదులు 'నిర్ణయం ఎప్పటిలోగా కావాలి, అప్పటికి రాకపోతే ఏమవుతుంది' అని ఒక గడి పెట్టండి. శుక్రవారం ఉదయం ఆరు గంటలకు కోత మొదలుకాకపోతే శనివారం లారీ ఖాళీగా పోతుందని రాస్తే చదివేవారికి తొందర అర్థమవుతుంది. మార్చి నెలలో ప్రతి కాగితం మీదా కనిపించే 'అర్జెంట్' ముద్రను ఎవరూ పట్టించుకోరు.

సమీక్షకు ఎవరు కూర్చోవాలి?

పది సంతకాల ఫారం పెడితే పదో సంతకందారు పైనున్న తొమ్మిదింటినీ చూసి పెడతాడు, మొదటివాడు కింద తొమ్మిదిమంది ఉన్నారులే అని పెడతాడు. మార్పు దేన్ని తాకుతుందో వారిని మాత్రమే పిలిచి, ఒక్కొక్కరిని ఒక్కో నిర్దిష్టమైన ప్రశ్న అడగండి. మన ప్లేటు ఉదాహరణనే తీసుకుంటే ఆ ప్రశ్నలు ఎంత దూరం వెళతాయో తెలుస్తుంది.

ఫోర్‌మన్ చెప్పింది అబద్ధం కాదు. ఐఎస్ 2062 ప్రకారం 20 మి.మీ. లోపు మందంలో ఈ250కి యీల్డు బలం (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) కనీసం 250 మెగాపాస్కల్, టెన్సైల్ బలం (తెగే ముందు తట్టుకునే ఒత్తిడి) 410. ఈ350కి అవి 350, 490. మందం మారలేదు కాబట్టి బరువు మారదు, బోల్టు పొడవు మారదు. డిజైన్ ఇంజినీరు లెక్కల ప్రకారం లోడుకు ఢోకా లేదు. చాలాచోట్ల సమీక్ష ఇక్కడితో ఆగిపోతుంది.

వెల్డింగు చూసేవారిని అడిగితే కథ మారుతుంది. ఈ250 బీఆర్‌కు కార్బన్ ఈక్వివలెంట్ (కార్బన్‌ను, కొన్ని ఇతర మూలకాలను కలిపి లెక్కించే విలువ) గరిష్ఠంగా 0.41 ఉండవచ్చు, ఈ350 బీఆర్‌కు అది 0.47 దాకా వెళుతుంది. ఆ విలువ పెరిగేకొద్దీ వెల్డు పక్కన లోహం గట్టిపడి పగుళ్ళు వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి ప్రీహీట్ (వెల్డింగుకు ముందు వేడిచేయడం) అవసరమా అన్నది మళ్ళీ చూడాలి. చేతిలో ఉన్న డబ్ల్యూపీఎస్ (వెల్డింగు ఎలా చేయాలో రాసిన పత్రం) ఈ350ని కప్పుతుందా, లేక ఈ250కే పరిమితమా అన్నది ఇంకో ప్రశ్న. ఈ బ్రాకెట్లకు చిన్న ఫిల్లెట్లన్నీ (మూలల్లో వేసే వెల్డులు) 6013 వెల్డింగ్ రాడ్డుతో వేయడం షాపులో అలవాటైతే, ప్లేటు బలం 490కి చేరినా వెల్డు బలం సుమారు 430 దగ్గరే ఉంటుంది. అప్పుడు అంతకన్నా బలమైన 7018 రాడ్డుకు మారాలా, లేక ఈ జాయింటుకు అంత బలం అక్కరలేదా అన్నది డిజైనువారే రాతపూర్వకంగా చెప్పాలి. గరిష్ఠ విలువల్ని చూసి బెదరవలసిన పని లేదు. ఆ హీట్ నంబరు టెస్టు సర్టిఫికెట్ తెరిచి అసలు విలువ చూడండి. అది 0.40 ఉంటే సగం చర్చ అక్కడే తీరిపోతుంది. రిక్వెస్టును ఒక హీట్ నంబరుకు కట్టడంలోని లాభం ఇప్పుడు బయటపడుతుంది.

సముద్రపు గాలికి ఓర్చుకోవాలని ఇక్కడ చాలా స్ట్రక్చర్లకు గాల్వనైజింగ్ చేయిస్తాము. మీ బ్రాకెట్లు కూడా జింకు తొట్టెకు వెళ్ళేవైతే సర్టిఫికెట్‌లో సిలికాన్ ఎంతుందో చూడండి. సుమారు 0.04 నుంచి 0.14 శాతం మధ్య సిలికాన్ ఉన్న ఉక్కు మీద జింకు పొర మితిమీరి మందంగా, బూడిదరంగులో, సులువుగా పెచ్చులూడేలా ఏర్పడవచ్చు. ప్లేటు మార్చినవారికి ఈ సంగతి తట్టదు. గాల్వనైజింగ్ యూనిట్ నుంచి సరుకు వెనక్కి వచ్చాక తడుతుంది. సమీక్షలో కోటింగు చూసేవారిని ఎందుకు కూర్చోబెట్టాలో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఇక ప్లానింగువారిని అడగవలసింది, ఈ 40 ముక్కలు మిగతావాటితో కలవకుండా ఎలా నడిపిస్తారని. స్టోర్సును అడగవలసింది, మిగులు ముక్కలు ఏ అరలోకి వెళతాయని. పర్చేజువారిని, అసలు ప్లేటు నిజంగా ఏ తేదీకి వస్తుందని.

తాత్కాలికమంటే చులకన ఎందుకు పనికిరాదో తెలుసుకోవాలంటే 1974 జూన్ 1న ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో రసాయన కర్మాగారంలో జరిగినదాన్ని సమీక్ష బృందానికి ఒకసారి చెప్పండి. వరుసగా ఉన్న ఆరు రియాక్టర్లలో ఐదోదానికి పగులు రావడంతో దాన్ని తీసేసి, నాలుగు, ఆరు రియాక్టర్లను కలుపుతూ 20 అంగుళాల తాత్కాలిక గొట్టం బిగించారు. రియాక్టర్లు మెట్ల మాదిరి ఒకదానికన్నా ఒకటి కిందుగా ఉండటంతో ఆ గొట్టం వంకర తిరిగింది. రెండు చివర్లా బెల్లోస్ (సాగి ముడుచుకునే ముడతల గొట్టాలు) ఉన్నాయి. వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మ తప్ప దానికి వేరే డ్రాయింగు లేదు. గొట్టంలోంచి కావలసినంత ద్రవం పారుతుందా అని లెక్క వేశారు గాని, ఒత్తిడి వచ్చినప్పుడు ఆ వంపు మీద పడే బలాన్ని ఎవరూ లెక్క వేయలేదు. ఆ సమయంలో అక్కడ వర్క్స్ ఇంజినీరు పదవి ఖాళీగా ఉంది. రెండు నెలలు పనిచేసిన ఆ గొట్టం తెగి, బయటికొచ్చిన సైక్లోహెక్సేన్ ఆవిరి పేలడంతో 28 మంది చనిపోయారు. రిఫైనరీ, ఎరువులు, ఫార్మా యూనిట్లు ఇన్ని ఉన్న మన ఊళ్ళో ఈ కథ పరాయిది కాదు. చమురు రంగంలో మార్పుల నిర్వహణకు ఆ రంగపు భద్రతా సంస్థ ఓఐఎస్‌డి 178వ నంబరు మార్గదర్శకాన్ని ప్రత్యేకంగా ఇచ్చింది, ఆ రంగానికి సరుకు చేసేవారు దాన్ని తెచ్చుకుని చదవడం మంచిది.

కాబట్టి ఒక నియమం పెట్టుకోండి. ఇంటర్‌లాక్, రిలీఫ్ వాల్వు, గార్డు, గ్యాస్ డిటెక్టర్ వంటి రక్షణ సాధనాన్ని పక్కన పెట్టే ఏ రిక్వెస్టైనా మామూలు డీవియేషన్ ఫారం మీద రాకూడదు. అది సేఫ్టీ విభాగం నడిపే వేరే దారిలో, ఆ సాధనం చేసే పనిని ఈలోగా ఏది చేస్తుందో రాసిన తరువాతే కదలాలి.

ఆమోదం ఎవరిది?

సమీక్షించేవారు అభిప్రాయం చెబుతారు, ఆమోదించేవారు బాధ్యత తీసుకుంటారు. రిక్వెస్టు పెట్టినవారే ఆమోదించకూడదు, ఉత్పత్తి టార్గెట్ ఎవరి మెడ మీద ఉందో వారు ఒక్కరే ఆమోదించకూడదు. చిన్న షెడ్డులో ఇద్దరు ఇంజినీర్లే ఉండవచ్చు. అప్పుడు ఒకరు రాసి, రెండోవారు ఆమోదించినా చాలు.

కొన్ని నిర్ణయాలు మన చేతిలో ఉండవు. డ్రాయింగు కస్టమర్‌దైతే అనుమతి కూడా కస్టమర్‌దే. అతని సైట్ ఇంజినీరు ఫోనులో ఊ అన్నంత మాత్రాన కుదరదు, కాంట్రాక్టులో ఎవరికి అధికారం ఉందో వారి రాత కావాలి. ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్, 1950 కిందకు వచ్చే ప్రెషర్ పార్టులకు ఇన్‌స్పెక్టింగ్ అథారిటీని, పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదించిన ప్రెషర్ వెసెల్ డ్రాయింగులకు పెసోను దాటి లోపల మనం ఇచ్చుకునే అనుమతి చెల్లదు. థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ ఉన్న జాబ్‌లో క్యూఏపీ (తనిఖీల ప్రణాళిక) మారుతున్నట్టయితే ఆ ఏజెన్సీకి ముందే చెప్పాలి. స్టీల్‌ప్లాంటు పక్కనున్న మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు చేసేవారికి ఇంకో పని కూడా ఉంటుంది. ఐఎస్ఓ 13485 ప్రకారం డిజైన్ మార్పు రిస్క్ మేనేజ్‌మెంట్ మీద, తయారీలో ఉన్న, ఇప్పటికే పంపేసిన పరికరాల మీద ఏ ప్రభావం చూపుతుందో వారు రాసి ఉంచాలి.

రాత్రి రెండింటికి వచ్చే రిక్వెస్టు సంగతి ఏమిటి? సి షిఫ్టు ఇన్‌ఛార్జికి కొంత అధికారం ఇవ్వక తప్పదు, కాని దానికి కూడా పైకప్పు ఉండాలి. నేను సూచించేది ఇది: రక్షణకు, చట్టానికి, కస్టమర్ ప్రత్యేకంగా గుర్తుపెట్టిన కొలతలకు సంబంధం లేని మార్పులకు, ఒక్క షిఫ్టుకు సరిపడా అనుమతి అతను ఇవ్వవచ్చు, ఆ ముక్కలు మాత్రం పూర్తి సమీక్ష అయ్యేదాకా షెడ్డు దాటకూడదు. ఫోను ద్వారా ఆమోదం తీసుకుంటే, ఎవరు, ఎన్ని గంటలకు, ఏ మాట చెప్పారో లాగ్‌బుక్‌లో రాసి, మర్నాడు ఉదయం మొదటి షిఫ్టులోనే సంతకం పెట్టించాలి. వాట్సాప్ బొటనవేలు గుర్తును ఆమోదంగా లెక్కించకండి. అది రిక్వెస్టుకు పెట్టారో, దాని కింద వచ్చిన పండుగ శుభాకాంక్షలకు పెట్టారో వారం తరువాత ఎవరూ చెప్పలేరు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి సమయంలో కంప్యూటరులోని ఫారం అక్కరకు రాదు. నంబర్లు వేసిన ఖాళీ ఫారాల పుస్తకం ఒకటి, అధికారం ఉన్నవారి జాబితా ఒకటి ప్రింటు తీసి క్వాలిటీ గదిలో ఉంచుకోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను హెచ్చరిక రాగానే అవి చోటులో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

షాపులో అమలు

ఆమోదం వచ్చాక మొదటి పొరపాటు పెన్ను తీసి డ్రాయింగు మీద 'ఈ350' అని దిద్దడం. ఆ ప్రింటు వచ్చే జాబ్‌కు కూడా వెళుతుంది. డ్రాయింగును ముట్టుకోకుండా, అనుమతి నంబరు, ముగింపు తేదీ ఉన్న కాపీని రూట్ కార్డుకు జతచేయండి. ఎన్ని కాపీలు ఇచ్చారో, ఎవరికి ఇచ్చారో రాసిపెట్టుకుంటే చివర్లో వెనక్కి తీసుకోవడం సులువవుతుంది.

మన షాపుల్లో తెలుగువారితోపాటు ఒడిశా, బీహారు నుంచి వచ్చిన ఫిట్టర్లు, వెల్డర్లు పనిచేస్తుంటారు. ఇంగ్లీషు ఫారం వారికి దిక్కు తోచనివ్వదు. ఏమి మారింది, ఏమి మారలేదు, ఎప్పటిదాకా అన్న మూడు వాక్యాలను తెలుగులోను, హిందీలోను పెద్ద అక్షరాలతో రాసి, పని జరిగే బే దగ్గర అంటించండి. షిఫ్టు మారేటప్పుడు ఇన్‌ఛార్జి ఆ కాగితం ముందు నిలబడి చదివి వినిపించాలి. చేయవద్దన్నది కూడా చెప్పాలి: "3వ ఐటెమ్‌కే ఈ ప్లేటు, మిగతావన్నీ పాతవే."

మొదటి ముక్కను పూర్తిగా తనిఖీ చేసి, సంతకమయ్యాకే రెండోది మొదలుపెట్టండి. ప్రతి ముక్క మీదా అనుమతి నంబరు పంచ్ చేయించండి లేదా పెయింటుతో రాయించండి. ఐఎటిఎఫ్ పాటించేవారు కన్సెషన్ మీద పంపే సరుకుకు ప్రతి పెట్టె మీదా గుర్తు వేయాలని 8.7.1.1 క్లాజు చెబుతుంది. మీకు ఆ ప్రమాణం వర్తించకపోయినా ఈ అలవాటు మంచిదే.

రోజూ చూడటం, పొడిగింపు అడిగినప్పుడు కాదనడం

తనిఖీ పద్ధతి మారిన చోట రోజుకు ఒకసారైనా వెళ్ళి, కొత్త పద్ధతిని రాసినట్టే చేస్తున్నారా, పాతదానికి ఎప్పుడు తిరిగి వెళతాము అన్నవి చూడాలని ఐఎటిఎఫ్ అడుగుతుంది. ఉదాహరణకు, వర్షాకాలంలో 7018 రాడ్లను వేడిగా, పొడిగా ఉంచే హోల్డింగ్ ఓవెన్ కాలిపోయింది, కొత్త హీటర్ వచ్చేదాకా వెల్డర్లకు చేతి క్వివర్లు (రాడ్లను వేడిగా ఉంచే చిన్న డబ్బాలు) ఇచ్చి నడిపిస్తామని అనుమతి తీసుకున్నారనుకోండి. ఏడబ్ల్యూఎస్ డీ1.1 అనే అమెరికన్ వెల్డింగ్ కోడు ప్రకారం ఈ తరగతి రాడ్డు మామూలుగా నాలుగు గంటలకు మించి బయటి గాలిలో ఉండకూడదు. మన ఊరి తేమలో ఆ గడువుతో ఆటలాడకూడదు. కాబట్టి రోజూ చూడవలసింది క్వివర్ వేడిగా ఉందా, ప్లగ్గు పెట్టారా, రాడ్లు ఎన్ని గంటలకు ఇచ్చారు, తిరిగొచ్చినవి ఎక్కడ పెట్టారు అన్నవి. 'అనుమతి ఉంది' అన్న మాట రాడ్డును ఆరబెట్టదు.

అన్ని అనుమతులకూ ఒకే రిజిస్టరు ఉండాలి. నంబరు, వస్తువు, హద్దు, ఇప్పటిదాకా వాడింది, ముగింపు తేదీ, మూయవలసినవారి పేరు అన్న గడులు చాలు. ఉదయం ప్రొడక్షన్ మీటింగులో ఆ రిజిస్టరు తెరిచి, వారంలోగా ముగిసేవాటినీ, సంఖ్యలో నాలుగింట మూడు వంతులు వాడేసినవాటినీ చదవండి. మన ఉదాహరణలో 30వ ముక్క దాటగానే 'అసలు ప్లేటు వచ్చిందా?' అన్న ప్రశ్న లేవాలి.

పొడిగింపు అడగటం తప్పు కాదు, దాన్ని సంతకం మార్చి ఇచ్చేయడం తప్పు. పొడిగింపును కొత్త రిక్వెస్టులాగే సమీక్షించి, మొదట చెప్పిన తేదీ ఎందుకు తప్పిందో రాయించండి. ఒక పొడిగింపు వరకు ఇవ్వవచ్చు. అదే మార్పు మూడోసారి వచ్చిందంటే రెండింటిలో ఒకటి నిజం: డ్రాయింగే అవసరానికి మించి బిగువుగా ఉందేమో చూసి శాశ్వతంగా మార్చాలి, లేదా కొనుగోలులోనో మెయింటెనెన్సులోనో ఉన్న అసలు లోపాన్ని సరిచేయాలి. దీన్ని నిర్ణయించే అధికారం ఉన్నవారికి ఆ మూడో కాగితాన్ని నేరుగా పంపండి.

మూసివేత

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక యూనిట్‌లో, ప్లేటు 2 మి.మీ. పలుచగా వచ్చిన ఒక లాటు కోసం డ్రిల్లింగ్ ఫిక్స్చర్ (ముక్కను పట్టి ఉంచే పరికరం) కింద షిమ్ (ఎత్తు సరిచేసే రేకు) పెట్టేందుకు అనుమతి ఇచ్చారు. లాటు అయిపోయింది, రిజిస్టరులో 'క్లోజ్డ్' అని రాశారు, ఆ రాసింది నేనే. ఫిక్స్చర్ దగ్గరికి వెళ్ళి చూడలేదు. షిమ్‌ను ఎవరూ తీయలేదు. తరువాత సరైన మందం ప్లేటు వచ్చినప్పుడు రంధ్రాలన్నీ 2 మి.మీ. జరిగి పడ్డాయి. అసెంబ్లీలో బోల్టులు ఎక్కకపోయేసరికి గాని మాకు సంగతి తెలియలేదు. అప్పటి నుంచి కుర్చీలో కూర్చుని ఏ అనుమతినీ మూయలేదు.

మూసే రోజున పని జరిగిన చోటికి నడిచి వెళ్ళండి. అక్కడ పెట్టిన షిమ్, జంపరు వైరు, తాత్కాలిక గేజ్, బే దగ్గర అంటించిన కాగితం ఏవైనా ఉంటే దగ్గరుండి తీయించండి. యంత్రం సెట్టింగు మార్చి ఉంటే పాత విలువకు తెచ్చి, రాసి, సంతకం చేయించండి. పాత పద్ధతిలో వచ్చిన మొదటి ముక్కను, అనుమతి కింద చేసిన మొదటి ముక్కను చూసినంత శ్రద్ధగా తనిఖీ చేయండి. ఐఎటిఎఫ్ దీన్నే రీస్టార్ట్ వెరిఫికేషన్ అని అడుగుతుంది. రక్షణ సాధనాన్ని పక్కన పెట్టిన చోట, దాన్ని తిరిగి కలిపారన్న మాటతో సరిపెట్టుకోకుండా, అది నిజంగా ట్రిప్ అవుతుందో లేదో పరీక్షించి చూడండి.

తరువాత లెక్క కట్టండి. అనుమతి 40కి, చేసినవి ఎన్ని, పంపినవి ఎన్ని, స్క్రాపైనవి ఎన్ని? అంకెలు సరిపోకపోతే ఆ తేడా ముక్కలు దొరికేదాకా మూయకండి. పంపిన ముక్కల సీరియల్ నంబర్లు, హీట్ నంబరు, టెస్టు సర్టిఫికెట్, కస్టమర్ అనుమతి కాపీ డాసియర్‌లో (జాబ్ పత్రాల ఫైలు) చేరాలి, యాజ్ బిల్ట్ డ్రాయింగులో (చివరికి ఎలా తయారైందో చూపేది) ఆ బేస్ ప్లేటు ఈ350 అని కనిపించాలి. పదేళ్ళ తరువాత ఆ గ్యాంట్రీ మీద ఎవరో వెల్డింగు చేయవలసి వస్తే వారికి దిక్కు ఆ డ్రాయింగే.

చివరగా మిగులు ప్లేటు. కోత తరువాత మిగిలిన ఈ350 ముక్కల మీద హీట్ నంబరు పోకుండా ముందే బదిలీ చేయించి, రంగు గుర్తు వేయించి, ఈ250 అర నుంచి దూరంగా పెట్టించి, స్టోర్సు రసీదు తెచ్చి ఫైలుకు జతచేయండి. ఆ రసీదు చేతికి వచ్చాకే రిజిస్టరులో మూసివేత తేదీ రాయాలి.